డిక్లరేషన్ పేజీకే రంగు పడింది

నా థీసిస్‌లో మొట్టమొదట రంగు పడింది ఎక్కడో తెలుసా? "ఈ పరిశోధన పూర్తిగా నా స్వంత కృషి, దీన్ని మరే డిగ్రీ కోసమూ సమర్పించలేదు" అని సంతకం చేసిన డిక్లరేషన్ పేజీలో. ఇతరుల రాతతో కలిసిన వాక్యాలకు కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ రంగు వేస్తుంది, ఆ పేజీ మొత్తం ఎర్రగా ఉంది. నాకంటే ముందు ఎన్ని వందల మంది అవే మాటలతో అదే ప్రమాణం చేశారో మరి, సాఫ్ట్‌వేర్ దృష్టిలో నేను నా నిజాయితీని కూడా కాపీ కొట్టాను.

నిరుడు ఏప్రిల్ సంగతిది. కడప ఎండ గురించి చెప్పక్కర్లేదు. లైబ్రరీలో ప్లేజియరిజం (గ్రంథచౌర్యం) చెక్ చేసే గదిలో ఏసీ ఉంది కానీ నాకు చెమటలు పడుతూనే ఉన్నాయి. రిపోర్టు ప్రింటు తీసి చేతిలో పెట్టిన ఆయన మొదటి పేజీలో కింద ఉన్న అంకె మీద పెన్నుతో సున్నా చుట్టాడు. పోలిక 34 శాతం. "చూసుకోండి మేడం, పదికి లోపల రావాల" అన్నాడు. అంతే. తర్వాతి వ్యక్తి పెన్‌డ్రైవ్ పట్టుకుని అప్పటికే నా వెనక నిలబడి ఉన్నాడు.

నా అంశం కడప జిల్లా చెరువులు. ముఖ్యంగా దశబంధం ఇనాములు. చెరువు కట్టించినవాళ్లకో, దాన్ని ఏటేటా మరమ్మతు చేసేవాళ్లకో ఆ చెరువు కింది భూమిలో కొంత మాన్యంగా ఇచ్చే పద్ధతి అది. ఒకవైపు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ ఐదేళ్లకు పైగా కష్టపడి రాశాను. ఎవరి పుస్తకమూ ముందు పెట్టుకుని దించింది లేదు. కనీసం నేను అలాగే అనుకున్నాను. అందుకే ఆ 34 చూసి ముందు ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. లైబ్రరీ నుంచి ఏడురోడ్ల కూడలి దాకా ఆటోలో వస్తూ దారి పొడుగునా సాఫ్ట్‌వేర్‌ను తిడుతూనే ఉన్నాను.

ఈ పది శాతం లెక్క ఎక్కడిదో చాలామంది స్కాలర్లకు నోటిమాటగా తెలుసు తప్ప చదివినవాళ్లు తక్కువ. నేనూ ఆ రాత్రే మొదటిసారి చదివాను. యూజీసీ, అంటే విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, 2018లో అకడమిక్ ఇంటెగ్రిటీ (చదువులో, పరిశోధనలో నిజాయితీ) మీద నిబంధనలు తెచ్చింది. పోలిక పది శాతం దాకా ఉంటే చిన్నపాటిదిగా చూస్తారు, శిక్ష ఉండదు. పది దాటి నలభై దాకా ఉంటే సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి, అందుకిచ్చే గడువు ఆరు నెలలు మించకూడదు. నలభై దాటి అరవై దాకా అయితే ఏడాది పాటు సరిదిద్దిన ప్రతిని ఇచ్చే అవకాశమే ఉండదు. అరవై దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. అంటే నా 34 రెండో మెట్టు మీద ఉంది. నేనింకా అధికారికంగా సమర్పించలేదు, ముందుగా చూపించుకున్నాను, అదొక్కటే నా అదృష్టం.

అదే నిబంధనల్లో ఇంకో మాట కూడా ఉంది. కొటేషన్ గుర్తులు పెట్టి ఎవరిదో చెప్పి ఉటంకించినవి, గ్రంథసూచి, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, చట్టాలు, అందరూ వాడే సాధారణ పదాలు, ప్రామాణిక సమీకరణాలు లెక్కలోకి రావు. అందరికీ తెలిసిన సంగతులు, యాదృచ్ఛికంగా కలిసే మాటలు వరుసగా పద్నాలుగు పదాల దాకా ఉన్నా పట్టించుకోరు. నా రిపోర్టులో ఇవేవీ తీసేయలేదు. మర్నాడు మళ్లీ వెళ్లి, ఫిల్టర్లు పెట్టి తీయమని బతిమాలుకుంటే 34 కాస్తా 23 అయింది. పదకొండు శాతం పాపం ఒక్క క్లిక్కుతో పోయింది! గ్రంథసూచి ఒక్కటే ఎంత బరువో అప్పుడు తెలిసింది.

మిగిలిన 23లో ఏముందో చూడ్డానికి ఆదివారమంతా రిపోర్టు పరుచుకుని కూర్చున్నాను. కొంత నిజంగానే సాఫ్ట్‌వేర్ అమాయకత్వం. చెరువుల పేర్లు, ఆయకట్టు ఎకరాలు ఉన్న పట్టికకు రంగు పడింది. ఊరి పేర్లను నేనెట్లా మార్చేది? "మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉన్న కడప జిల్లా" అన్న ముక్క ప్రతిచోటా పట్టుకుంది. ఇంకో ఆరు శాతం నాదే. నేను చేరినప్పుడు ఉన్న 2016 నిబంధనల ప్రకారం థీసిస్ ఇచ్చేముందు ఒక పేపరైనా అచ్చవ్వాలి. 2022లో ఆ షరతు తీసేశారు, నాకైతే తప్పలేదు. ఆ పేపరునే కొంచెం పెంచి మూడో అధ్యాయం చేశాను, చేశానని ఎక్కడా చెప్పలేదు. మనది మనం వాడుకుంటే తప్పేంటి అనుకున్నాను. మన పాతదాన్నే కొత్తదన్నట్టు చూపించడం కూడా తప్పే అని యూజీసీ 2020లో నోటీసు ఇచ్చిన సంగతి మా గైడు సారు చెప్పేదాకా నాకు తెలియదు. దీనికి పరిష్కారం మాత్రం తేలిక. అధ్యాయం మొదట్లో ఈ భాగం ఫలానా పత్రికలో ఫలానా సంవత్సరం వచ్చిందని రాసి, గైడు సంతకంతో ఒక కాగితం జతచేస్తే సరిపోయింది.

ఇక మిగిలింది అసలు సంగతి. మొదటి రెండు అధ్యాయాలు.

దానికి ముందు డీటీపీ షాపు కథ చెప్పాలి. యూనివర్సిటీలన్నిటి చుట్టూ ఇలాంటివి ఉంటాయి, ఏ ఊరిదో ఎందుకులెండి. థీసిస్ టైపింగ్, బైండింగ్, దాని కిందే "ప్లేజియరిజం తగ్గించబడును". పేజీకి ఇంత అని రేటు. నిజం చెప్పాలంటే నేనూ వెళ్లాను. శాంపిల్‌గా ఒక పేజీ చేసి చూపించమన్నాను. పది నిమిషాల్లో చేసిచ్చాడు. నా థీసిస్ ఇంగ్లీషులో ఉంది. అందులో "ఇరిగేషన్ ట్యాంక్" అన్నచోటల్లా "వాటరింగ్ కంటైనర్" అయింది. "గ్రేట్ ఫామిన్" కాస్తా "బిగ్ హంగర్". "డ్రై ల్యాండ్" అంటే మన మెట్టభూమి, అది "థర్స్టీ ల్యాండ్" అయి కూర్చుంది. దాహమేసిన భూమి! ఆ మాట వరకు నాకు నచ్చింది కూడా, మన సీమకు సరిపోయే మాటే కదా. కానీ శాతం మాత్రం నిజంగానే మూడుకు పడిపోయింది. "చూడండక్కా, గ్యారంటీ" అన్నాడు ఆ అబ్బాయి. చరిత్ర చదివినవాళ్లెవరైనా ఒక పేరా చదివితే నవ్విపోతారు, సాఫ్ట్‌వేర్ మాత్రం శభాష్ అంటుంది. టీ డబ్బులిచ్చి వచ్చేశాను.

మా తెలుగు డిపార్ట్‌మెంట్ ఫ్రెండ్‌ది ఇంకో తమాషా. తన థీసిస్ అను ఫాంట్లలో టైపు చేయించింది. చెక్ చేస్తే సున్నా శాతం! ఆ ఫాంట్లు యూనికోడ్ కావు కాబట్టి మన కళ్లకు తెలుగు కనిపించినా సాఫ్ట్‌వేర్‌కు అర్థం లేని గుర్తుల కుప్పే కనిపిస్తుంది, దేనితో పోల్చినా కలవదు. లైబ్రరీవాళ్లు యూనికోడ్‌లోకి మార్చి తెమ్మన్నారు. మారిస్తే ఒత్తులు జారిపోయి, సున్నాలు ఎగిరిపోయి, రెండు వారాలు కూర్చుని దిద్దుకుంది. అప్పుడొచ్చింది 19. చాలావరకు కొటేషన్ గుర్తులు పెట్టకుండా దించిన పద్యాలే. సున్నాకూ పందొమ్మిదికీ మధ్య ఆమె రాతలో ఒక్క అక్షరమూ మారలేదు.

సరే, నా అధ్యాయాలు. రిపోర్టులో ఒక్కో మూలానికి ఒక్కో అంకె, రంగు ఉంటాయి. నాకు ఎక్కువగా తగిలినది ఒకటే మూలం. శోధ్‌గంగలో ఉన్న ఒక పాత థీసిస్. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో దేశంలోని పీహెచ్‌డీలు వేలకు వేలు పెడతారు, ఎవరైనా చదువుకోవచ్చు. మొదటి సంవత్సరం నేను ఆ థీసిస్ చదివి నోట్‌బుక్‌లో నోట్సు రాసుకున్నాను. ఏవి ఆయన మాటలు, ఏవి నా మాటలు అని గుర్తు పెట్టుకోలేదు. నాలుగేళ్ల తర్వాత నోట్‌బుక్ తెరిస్తే అన్నీ నా చేతిరాతే. నా చేతిరాతలో ఉన్నవన్నీ నా వాక్యాలే అనుకుని రాసేశాను. ఇప్పుడు నేను ఆకుపచ్చ పెన్నుతో ఎదుటివాళ్ల మాట, నల్ల పెన్నుతో నా మాట రాస్తాను, పక్కన పేజీ నంబరుతో సహా. అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే రెండు నెలలు మిగిలేవి.

ఒక్క వాక్యం చూపిస్తాను, తెలుగు చేసి. ఆ థీసిస్‌లో ఇలా ఉంది: "రాజులు చెరువుల నిర్మాణాన్ని పుణ్యకార్యంగా భావించి విరివిగా ప్రోత్సహించారు." నాది: "పాలకులు చెరువుల తవ్వకాన్ని పుణ్యకార్యంగా తలచి ఎంతగానో ప్రోత్సహించారు." ఇది నా వాక్యమేనని వాదించాను కూడా. మా సార్ రెండూ పక్కపక్కన పెట్టి "ఇంటికి సున్నం కొట్టిస్తే ఇల్లు నీదవుతాదామ్మా?" అన్నాడు.

ఆయన అంతటితో వదల్లేదు. ఆ తర్వాతి పేరా పోరుమామిళ్ల చెరువు గురించి. 1369 నాటి శాసనం, విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు. ఆ పేరాకు రంగు పడలేదు, నేను బాగానే మార్చి రాశాను. కింద శాసనాలను అచ్చువేసే "ఎపిగ్రాఫియా ఇండికా, 14వ సంపుటం" అని పాదసూచిక దర్జాగా ఉంది. సార్ పైకి చదివాడు: "రోజుకు నూరు మంది కూలీలు, వెయ్యి బండ్లు రెండేళ్లు పనిచేశాయి." చదివి కళ్లద్దాలు తీసి నా వైపు చూశాడు.

"నూరు మంది, వెయ్యి బండ్లా? బండికి తోలేవాడు కూడా లేడే. ఎద్దులే దారి కనుక్కుని పోతాండెనా?"

నేను మాట్లాడలేదు.

"ఈ సంపుటం నువ్వు చూసినావా?"

చూడలేదు. ఆ పాత థీసిస్‌లో అలా ఉంది, పాదసూచికతో సహా తెచ్చుకున్నాను. ఆ రాత్రి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ వెతికి పట్టుకుని సుక్తంకర్ ప్రచురించిన పాఠం, అనువాదం చదివాను. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్లు తోలడానికి నూరు బండ్లు. ఆ పాత థీసిస్ ఆయన అంకెలను తారుమారు చేశాడు, లేదా ఆయన ఇంకెవరి దగ్గరో తెచ్చుకున్నాడు. నేను ఆ తప్పును మోసుకొచ్చి, దాని మీద నేను ఎన్నడూ తెరవని పుస్తకం పేరు అతికించాను. 23 శాతంలో ఈ పాపం ఒక్క శాతం కూడా లేదు.

చదవడం మొదలుపెట్టాక ఆ శాసనం నన్ను వదల్లేదు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు చెబుతుంది. ధర్మబుద్ధి ఉన్న రాజు, జలశాస్త్రం తెలిసినవాడు, గట్టి మట్టినేల, తియ్యటి నీటి నది, కొండ, రాతికట్ట, పనివాళ్ల గుంపు, ఇలా. తర్వాత ఆరు దోషాలు. కట్ట నుంచి నీరు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం, చెరువు మధ్యలో మిట్ట, నీళ్లు తక్కువై పారాల్సిన భూమి ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై భూమి తక్కువ కావడం. రెండు రాజ్యాల పొలిమేర అట! ఆరున్నర వందల ఏళ్ల కిందటే నీళ్ల తగాదా సంగతి వాళ్లకు తెలుసు. పుణ్యం గురించిన నా వాక్యం కొట్టేసి ఇలా రాశాను: "పుణ్యం మాట చెప్పిన శాసనమే చౌడును, సరిహద్దును, ఆయకట్టు కొలతను కూడా లెక్కవేసింది. చెరువు కట్టించినవాడి భక్తి ఎంతదో మనకు తెలియదు కానీ అతని పక్కన లెక్క తెలిసిన మనిషి ఒకడున్నాడు." దీనికి ఏ థీసిస్‌తోనూ పోలిక రాలేదు. రాకూడదని మార్చిన వాక్యం కూడా కాదు అది.

అట్లా రెండు అధ్యాయాలు మూలాలు ముందు పెట్టుకుని మళ్లీ రాశాను. మధ్యలో ఒకరోజు ఓపిక అయిపోయి దశబంధం గురించి ఏఐ చాట్‌బాట్‌ను అడిగాను. ఎంతో మర్యాదగా మూడు పుస్తకాల పేర్లు చెప్పింది, రచయిత, సంవత్సరం, పేజీ నంబర్లతో. రెండు ఏ లైబ్రరీ కేటలాగులోనూ లేవు. మూడోది ఉంది కానీ అందులో దశబంధం ఊసే లేదు. ఆ సాయంత్రం ఎర్రముక్కపల్లిలోని సి.పి. బ్రౌన్ లైబ్రరీలో కూర్చున్నాను. కడపలో ప్రశాంతంగా రాసుకోవడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలియదు. ఆయన బంగళా ఉన్న చోటే అది. పండితులను తన జీతం డబ్బులతో పెట్టుకుని, ఒక్కో పద్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి ఒకదానితో ఒకటి పోల్చి చూసిన మనిషి. కాపీని కాపీతో పోల్చే పని ఇక్కడ రెండు వందల ఏళ్ల కిందటే జరిగింది, అనుకుంటూ కాసేపు చెట్టుకింద కూర్చుని వచ్చాను.

జూన్ చివరికి మళ్లీ చెక్ చేయించాను. 7 శాతం. లైబ్రరీ ఆయన ఈసారి సున్నా చుట్టలేదు, నవ్వి సర్టిఫికెట్ ఫారం ఇచ్చాడు. అయిపోయింది, ఇంక సార్ సంతకమే అనుకుని వెళ్లాను.

సార్ ఐదో అధ్యాయం తెరిచి కూర్చున్నాడు. అది నాకు ప్రాణం. బద్వేలు వైపు ఊళ్లలో తిరిగి రాసిన క్షేత్ర అధ్యాయం. రిపోర్టులో దానికి పోలిక ఒక్క శాతం. అందులో ఒక పేరా ఉంది: తూము రాతి స్తంభం మీద నీటి చార ఏ గాటు దగ్గర ఉంటే ఇంకా ఎన్ని తడులకు నీళ్లు మిగిలాయో చెప్పవచ్చు, కరువు సంవత్సరాల్లో చివరి మడి నుంచి మొదలుపెట్టి వెనక్కి పారిస్తారు అని. దాని ముందు నా మాట: "పరిశోధకురాలి పరిశీలనలో తేలింది ఏమనగా."

"ఇది నువ్వు పరిశీలించినావా?"

"ఊళ్లో నీరుగంటి తాత చెప్పినాడు సార్."

"మరి ఆయన పేరేది?"

లేదు. 260 పేజీల్లో ఎక్కడా లేదు. కృతజ్ఞతల్లో "సహకరించిన గ్రామస్తులకు" అని ఒక ముక్క ఉంది. ఎండలో మూడు రోజులు నన్ను కట్ట మీద తిప్పి, తూము దగ్గర మోకాళ్ల లోతు దిగి, గాట్లు చేత్తో తడిమి చూపించిన మనిషిని, చెరువు నీళ్లు పొలాలకు పంచే నీరుగంటిని, నేను "గ్రామస్తులు" చేశాను. ఆ ఎక్కడో ఉన్న థీసిస్ ఆయనకు కామాలతో సహా క్రెడిట్ ఇవ్వడానికి రెండు నెలలు కూర్చున్నాను కానీ ఈయన నాకు గుర్తే రాలేదు. అచ్చులో లేనివాడి మాటకు రంగు పడదు కదా.

మర్నాడే బద్వేలు బస్సెక్కాను. తాత కట్ట మీద రావిచెట్టు కింద ఉన్నాడు. చెరువులో నీళ్లు లేవు, అడుగున నాలుగు బర్రెలు తిరుగుతున్నాయి. విషయం చెప్పాను. "నీ పేరు రాస్తా తాతా, పుస్తకంలో. ఇంటర్నెట్‌లో కూడా పెడతారు, ఎవరైనా చూడొచ్చు. నీకు ఇష్టమేనా?" అని అడిగాను.

ఆయన కాసేపు బర్రెల వైపు చూశాడు.

"నా పేరెందుకు మా? గాట్లు కొట్టింది నేను గాదు, లెక్క కట్టింది నేను గాదు. మా నాయన చెప్తే ఇన్న్యా. రాయల్లనుకుంటే ఆయన పేరు రాయి."

"మీ నాయనకు ఎవరు చెప్పినారు?"

"అది ఆయన్ని అడగల్ల" అని నవ్వాడు. ఆయన పోయి ముప్పై ఏళ్లయింది.

ఇద్దరి పేర్లూ రాస్తానని ఒప్పించాను. తండ్రి పేరు కోసం పట్టాదారు పాసుపుస్తకం తెప్పించాడు. అందులో ఒకలా ఉంది, ఆధార్ కార్డులో ఇంకోలా ఉంది. తాత నోటితో పలికింది ఆ రెండింటిలా లేదు. నోట్‌బుక్‌లో ఆకుపచ్చ పెన్నుతో మూడు రకాలుగానూ రాసుకుని, ఆయనతో మూడుసార్లు పలికించుకున్నాను.

పాదసూచిక మూడు లైన్లు వచ్చింది. తాత పేరు, వయసు, ఊరు, మాట్లాడిన తేదీలు, చివర "తన తండ్రి వద్ద విన్నది" అని ఆ తండ్రి పేరు. "పరిశోధకురాలి పరిశీలన" కొట్టేశాను. సార్ చదివి, సర్టిఫికెట్ దగ్గరికి లాక్కుని, సంతకం పెట్టబోతూ ఆగాడు.

"తండ్రి పేరు స్పెల్లింగ్ ఇదేనా? పాసుపుస్తకం చూసినావా?"

"చూసినా సార్. దాంట్లో తప్పుంది. తాత పలికినట్టు రాసినా."

"ఆ మాట కూడా రాయి" అన్నాడు. పాదసూచిక నాలుగు లైన్లయింది.